రెండో కర్ర

ఒకటో తేదీ

ప్రియమైన నాన్నకు,

జైల్లో నిన్ను చూడ్డానికి ములాఖత్ వచ్చే నెలదాకా ఇవ్వరట. అందుకే ఉత్తరం. నా దస్తూరీ చూసి నవ్వకు. చదువు అయ్యాక నేను పెన్ను పట్టింది సంతకాలకే.

ముందు మంచి మాట. ఆ ఆటల కంపెనీవాళ్ళు నన్ను తీసుకున్నారు. వీడియో గేములు బజారులోకి రాకముందే ఆడి చూసి, ఎక్కడ మనిషి గోడలోంచి దూరిపోతున్నాడో, ఎక్కడ గుర్రం గాల్లో వేలాడుతోందో పట్టుకుని రాసివ్వాలి. ఇంట్లోంచే పని. "ఆడుకుంటే జీతమిస్తారుటే?" అని అమ్మ మూడుసార్లు అడిగింది. మూడోసారి కుట్టుమిషను ఆపి మరీ అడిగింది. కాకపోతే కంప్యూటరు మనమే సమకూర్చుకోవాలి. నెలాఖరుకు సిద్ధం కాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

ప్రాసెసరు, బోర్డు, పెట్టె నువ్వు చెప్పినవే కొన్నాను. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనే తాహతు మనకు లేదు. ఇక మిగిలింది ర్యామ్. సందు మొదట్లో దుకాణంవాడు ఎనిమిది జీబీ చాలంటాడు. ఎదురు దుకాణంవాడు ముప్పైరెండు లేనిదే ఆట తెరుచుకోదని బెదిరిస్తాడు. కంపెనీ కాగితంలో "కనీసం పదహారు" అని ఉంది. పదహారంటే ఒకటే పదహారా, రెండు ఎనిమిదులా? ఒకటే కొంటే రేపు చేతిలో డబ్బు ఆడినప్పుడు ఇంకో పదహారు తగిలించుకోవచ్చు కదా?

నీ బెయిలు విచారణ ఇరవయ్యో తేదీ. "గోదాము హమాలీల తరఫున ఒక కరపత్రం రాసినందుకు మనిషిని ఎన్నాళ్ళు లోపల ఉంచుతారు?" అంటోంది వకీలమ్మ. అంటూనే గోళ్ళు కొరుక్కుంటోంది.

జవాబు తొందరగా రాయి.

నీ కూతురు


నాలుగో తేదీ

ప్రియమైన మా ఇంటి ప్రతిపక్ష నాయకురాలికి,

నీకంటే ముందు ఈ ఉత్తరం చదివే జైలరుగారికి కూడా నమస్కారాలు.

మీ అమ్మకు చెప్పు, అది ఆడుకోవడం కాదు. రోజుకు ఎనిమిది గంటలు కళ్ళు పొడుచుకుని ఇంకొకడి తప్పులు వెతకడం పని. కంప్యూటరు నీది, కరెంటు నీది, కుర్చీ నీది. లాభం మాత్రం వాళ్ళది. హమాలీని వీపుతో పాటు గోదాము కూడా తెచ్చుకోమన్నట్టుంది! ఉద్యోగం వద్దనను. చెయ్యి. కళ్ళు తెరిచి చెయ్యి.

ఇక నీ ప్రశ్న. మెమరీ అంటే వస్తువులు దాచే బీరువా కాదమ్మా. మీ అమ్మ గుడ్డ పరిచి కత్తిరించే బల్ల. బల్ల చిన్నదైతే గుడ్డ జారిపోతుంది, ఎత్తడం, పరచడం, మళ్ళీ ఎత్తడం. ఆట మధ్యలో బొమ్మ తడబడేది అందుకే. ఎనిమిదంటే చొక్కా చెయ్యి కత్తిరించుకునే బల్ల. ముప్పైరెండంటే సర్కసు డేరా కుట్టే బల్ల. ఎనిమిది చాలన్నవాడు ఏడాది తిరక్కుండా నిన్ను మళ్ళీ రప్పించుకుంటాడు. ముప్పైరెండు లేకపోతే బతకలేవన్నవాడు ఇవాళే ఊడ్చుకుంటాడు. ఒకడు చవక పేరుతో, ఒకడు భయం పేరుతో. దొంగలిద్దరిదీ ఒకే కొట్టు. నువ్వు పదహారు పెట్టు.

అదీ ఒకటే కర్ర కాదు, రెండు కర్రలు. ఎనిమిదొకటి, ఎనిమిదొకటి. ర్యామ్ స్టిక్కు అని నోరు వంకర తిప్పనక్కర్లేదు. పాతికేళ్ళు ఆ సందులో కంప్యూటర్లు బాగుచేశాను. స్టిక్కును కర్ర అన్నాను, అది దిగే స్లాటును గాడి అన్నాను. వచ్చినవాళ్ళలో అర్థం కాలేదన్నవాడు ఒక్కడు లేడు. మన మాటతో పని జరగదని చెప్పేవాళ్ళంతా మన పనితో బతికేవాళ్ళే.

నీ బోర్డుకు నాలుగు గాడులుంటాయి. రెండో గాడిలో ఒక కర్ర, నాలుగో గాడిలో ఒక కర్ర. ఒకటీ మూడూ ఖాళీ వదిలెయ్యి. అప్పుడు రెండువైపుల నుంచీ ఒకేసారి పని జరుగుతుంది. ఒక్క కర్రయితే ఒకవైపు నుంచే. గ్రాఫిక్స్ కార్డు లేక బొమ్మల బరువు కూడా కర్రలమీదే పడే మిషనుకు ఆ తేడా మామూలు తేడా కాదు. ఇరవయ్యో తేదీలోపల పని పూర్తి చెయ్యి. నేను ఇంటికొచ్చేసరికి మిషను నడుస్తూ కనపడాలి.

అమ్మను కళ్ళద్దాలు మార్పించుకోమను.

నీ నాన్న


ఏడో తేదీ

ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం వచ్చింది, కవరు చింపి, మళ్ళీ అంటించి. దాని గురించి నేనేమీ అనను, అది వాళ్ళ పని. కానీ లోపల కాగితం మీద ఎర్ర పెన్సిలు గీతలున్నాయి. "కర్ర" అని ఎక్కడుంటే అక్కడ కింద గీత. "ఎనిమిదొకటి, ఎనిమిదొకటి" కింద రెండు గీతలు. ఇరవయ్యో తేదీ చుట్టూ సున్నా.

వకీలమ్మకు చూపించాను. ఆవిడ రెండుసార్లు చదివి, "మీ నాన్నకు తెలుగు కాస్త తగ్గించమని చెప్పు" అంది. నాన్నా, నేను బతిమాలుతున్నాను. ర్యామ్ అని రాయి. స్లాట్ అని రాయి. జీబీ అని అంకె పక్కన పెట్టు. నీ పాతికేళ్ళ సందు వేరు, ఇప్పుడు నువ్వున్న చోటు వేరు.

నీ సలహా సంగతి. రెండు ఎనిమిదులు పెడితే ఇప్పుడు వేగం ఎక్కువ, ఒప్పుకుంటాను. రేపు పదహారు చాలదన్నారనుకో. నాలుగూ నింపాలి. ఇంత చవక బోర్డు నాలుగింటినీ మోస్తూ కుంటుతుందని చాలామంది రాశారు. అదే ఒక్క పదహారు పెట్టుకుంటే, తర్వాత ఇంకొక్కటి చాలు. నువ్వు ఇవాళ్టి వేగం చూస్తున్నావు. నేను రేపటి చోటు చూస్తున్నాను. ఇందులో తప్పేముంది? "ఎవరి పని గురించి వాళ్ళకే ఎక్కువ తెలుసు" అని నీ కరపత్రాల్లో పది చోట్ల రాశావు. ఇది నా పని.

హమాలీలు ఇరవయ్యో తేదీనే పని ఆపుతారట. నీ విచారణ రోజే కావాలని పెట్టుకున్నారు. నాకెందుకో మంచిగా అనిపించడం లేదు.

నీ కూతురు


పదో తేదీ

ప్రియమైన తల్లీ,

ఎర్ర పెన్సిలు పట్టిన చేతికి ముందు నా మాట: అయ్యా, గీతలు సరిగ్గా గీయండి, మా అమ్మాయికి అక్షరాలు కనపడాలి.

మాట మార్చుకోమంటావా? ఎందుకు మార్చుకోవాలి? "ముప్పై కిలోలు దాటిన పెట్టె ముట్టుకోం" అని రాశాను. అందులో ఏ మాటకు ఏ నిఘంటువులో హింస అని అర్థముంది? అయినా లోపల వేశారు. రేపు "ముట్టుకోం" అనకు, "పరిశీలనలో ఉంచుతాం" అను, వదిలేస్తాం అంటారు. ఎల్లుండి నోరే అనుమానమంటారు. భయపడి ఒక మాట వదులుకున్నవాడు రెండోది వదులుకోవడానికి ఎంతోసేపు పట్టదు. కర్రను కర్రే అంటాను.

ఇక నీ వాదన. రేపు, రేపు! ప్రతి దుకాణంవాడూ అమ్మేది ఆ రేపునే. పేదవాడి చేత ఇవాళ కుంటిది కొనిపించి, రేపు పరిగెడుతుందిలే అంటాడు. నీకు జీతం ఇచ్చేది రేపటి చోటుకు కాదు, ఇవాళ్టి వేగానికి. నాలుగూ నింపితే కుంటుతుందని రాసినవాళ్ళలో చేత్తో నింపి చూసినవాళ్ళెందరు? నేను నూరు బోర్డులు నింపాను. ఎక్కడో వెబ్‌సైటులో ఊరూ పేరూ లేనివాడు రాసింది వేదం, కన్నతండ్రి చెప్పింది చాదస్తం!

ఎక్కువ మాట్లాడకు. రెండు కర్రలు, ఎనిమిదీ ఎనిమిదీ, రెండో గాడి, నాలుగో గాడి. పెట్టాక నాకు రాయి.

నీ నాన్న


పన్నెండో తేదీ

ప్రియమైన నాన్నకు,

అలాగే. పెట్టాను. రెండూ పెట్టాను, నువ్వు చెప్పినచోటే. మిషను లేచింది. నిన్న రాత్రంతా ఒక కోట చుట్టూ తిరిగి, మెట్ల కింద ఒక సైనికుడి కాళ్ళు నేలలో కూరుకుపోవడం పట్టుకున్నాను. కంపెనీవాళ్ళు మెచ్చుకున్నారు.

ఇక ఆ విషయం వదిలెయ్ నాన్నా. ఆరోగ్యం చూసుకో.

నీ కూతురు


పద్నాలుగో తేదీ

ప్రియమైన తల్లీ,

తొందరగా రాస్తున్నాను, అరగంటే ఇచ్చారు.

నిన్న నన్ను ఆఫీసు గదికి పిలిచారు. బల్ల మీద నా ఉత్తరాల నకళ్ళు. ఒక ఇన్‌స్పెక్టరు గోదాము పటం పరిచి కూర్చున్నాడు. గోదాముకు నాలుగు గేట్లు. పద్దెనిమిదేళ్ళుగా ఆ వీధిలో తిరుగుతున్నాను, ఎప్పుడూ లెక్కపెట్టలేదు. రెండో గేటు దగ్గర కర్రలతో ఎనిమిదిమంది, నాలుగో గేటు దగ్గర కర్రలతో ఎనిమిదిమంది, ఒకటీ మూడూ ఖాళీ, "రెండువైపుల నుంచీ ఒకేసారి పని", తేదీ ఇరవై. గాడి అంటే గేటట, వేలు పెట్టి ఒక్కో లైనూ చదివి వినిపించాడు.

నేను పడీపడీ నవ్వాను. కాసేపటికి చూస్తే గదిలో నవ్వుతున్నది నేనొక్కణ్ణే.

కంప్యూటరు గురించి చెప్పాను. "గేమింగ్ కంప్యూటరా? జైల్లో ఉన్న తండ్రి ఏం రాస్తాడు? ఒంట్లో ఎలా ఉంది, డబ్బులున్నాయా అని రాస్తాడు. నాలుగు పేజీలు మెమరీ గురించి రాస్తాడా?" అన్నాడు.

నువ్వు భయపడకు. వాళ్ళు ఇంటికొస్తారు. రానీ. మూత తీసి చూపించు. రెండో గాడిలో ఒకటి, నాలుగో గాడిలో ఒకటి, ఉత్తరంలో ఎలా ఉందో అలాగే కళ్ళముందు ఉంటుంది. అంతకన్నా సాక్ష్యం లేదు. నువ్వు నా మాట విన్నావు కాబట్టి బతికిపోయాం. వకీలమ్మకు చెప్పు, నా బెయిలు ఆ రెండు కర్రల మీద నిలబడి ఉంది.

నీ నాన్న


పదహారో తేదీ

ప్రియమైన నాన్నకు,

నీ ఉత్తరం నాకు అందేసరికి వాళ్ళు వచ్చి వెళ్ళిపోయారు.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. రెండు కర్రలు లేవు నాన్నా. నేను పెట్టింది ఒకటే. ఒకే పదహారు, రెండో గాడిలో. నీతో వాదించే ఓపిక లేక రెండూ పెట్టానని రాశాను. నువ్వు వచ్చాక చూసి తిడతావు, అప్పుడు చూసుకుందాంలే అనుకున్నాను.

ఆరుగురు వచ్చారు. ఇన్‌స్పెక్టరు స్వయంగా మూత విప్పించాడు.

"రెండో కర్ర ఎక్కడ?"

"లేదు సార్."

"రెండూ పెట్టానని రాసింది నువ్వే కదా?"

"నేనే."

"మరి?"

"అబద్ధం రాశాను."

"ఎవరికి?"

"మా నాన్నకి."

"ఓహో. సొంత తండ్రికి అబద్ధం చెప్పినదానివి, మాకు నిజం చెబుతావా?"

అమ్మ బట్టల మూటలన్నీ విప్పారు. కుట్టడానికి ఇచ్చినవాళ్ళ గుడ్డలు నేలంతా పరిచారు. చివరికి అమ్మ కొలతలు తీసుకునే గజం కర్ర పట్టుకుని, "ఇదేనా?" అన్నాడు. అమ్మ, "దాంతో నేను ఇంతవరకూ మనుషుల నడుములే కొలిచాను బాబూ, విరగ్గొట్టలేదు" అంది. అయినా దాన్నీ తీసుకుపోయారు. కంప్యూటరునూ తీసుకుపోయారు.

పోతూ నా చేతిలో ఒక కాగితం పెట్టారు. కేసులో రెండో నిందితురాలిని నేనట. "ఆయుధాలు దాచిన వ్యక్తి." ఇరవయ్యో తేదీ నేనూ కోర్టుకు రావాలి.

నేను నీ మాట విని ఉంటే మూత తీయగానే అయిపోయేది. ఈ ముక్క ఇప్పటికే వందసార్లు అనుకున్నాను. నువ్వు కూడా ఒకసారి అనెయ్యి, నాకు తేలికవుతుంది.

నీ కూతురు


పద్దెనిమిదో తేదీ

ప్రియమైన తల్లీ,

అనను.

నిన్న రాత్రంతా అన్నాను, నిజమే. మూడో బ్యారక్‌లో నా పక్కవాడు చెవుల్లో గుడ్డ కుక్కుకున్నాడు. తెల్లారాక నా పదో తేదీ ఉత్తరంలో ఏం రాశానో తలుచుకున్నాను. "ఎక్కువ మాట్లాడకు." గోదాము మేనేజరు హమాలీలతో సరిగ్గా ఆ రెండు మాటలే అన్నాడు. దాని మీదే నా కరపత్రం మొదలవుతుంది. వాణ్ణి ఊరంతా వినేలా కడిగేశాను. ఇంట్లో నీ వాదనకు జవాబు లేనప్పుడు అదే మాట అరువు తెచ్చుకున్నాను. నువ్వు అబద్ధం చెప్పలేదు. నిజం చెప్పడానికి నేను నీకు చోటివ్వలేదు.

ఇప్పుడు విను. ఈ ఉత్తరం వకీలమ్మ చేతికే ఇస్తున్నాను, ఎర్ర పెన్సిలు తగలదు. ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చాడు. ఒక కాగితం చూపించాడు. కరపత్రంలో రాసిందంతా అబద్ధమనీ, హమాలీలను రెచ్చగొట్టాననీ, వాళ్ళకు ఇష్టం లేకపోయినా పని ఆపించాననీ ఉంది. నేను సంతకం పెడితే నీ పేరు కొట్టేస్తారు. దాన్ని అడ్డం పెట్టుకుని ఆ రెండువందల మంది హమాలీలనూ పనిలోంచి బయటికి గెంటుతారని నాకు తెలుసు. కోర్టులో నీ పేరు చదివేదాకా ఆగి, ఇరవై ఒకటో తేదీ పొద్దున కాగితం తెస్తారట. చూశావా తెలివి, నీ పేరు బోనులోంచి వినపడితే నా చెయ్యి తొందరగా కదులుతుందని.

కదులుతుంది. పెడతాను. వాళ్ళకు నేను ఒక కరపత్రం రాసినవాణ్ణి. నీకు తండ్రిని. ఇందులో వాదన లేదు. నువ్వూ చెయ్యకు.

నీ నాన్న


ఇరవయ్యో తేదీ

ప్రియమైన నాన్నకు,

కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. పక్కన వకీలమ్మ నిలబడి ఉంది. ఈ ఉత్తరం టపాలో వెయ్యడం లేదు. రేపు పొద్దున జైలు తలుపు తెరిచేసరికి ఆవిడే తెచ్చి నీ చేతిలో పెడుతుంది. ఆ కాగితం కంటే ఇది ముందు చేరాలి.

నిన్ను తీసుకురాలేదు, కాపలాకు మనుషులు లేరన్నారు. హమాలీల గేట్ల దగ్గరికి పంపడానికి మాత్రం మూడు బండ్ల మనుషులు దొరికారు. గేట్ల దగ్గర ఏమీ జరగలేదు. వాళ్ళు ఒక్క పెట్టె ముట్టుకోకుండా నీడన కూర్చున్నారు, అంతే.

పదహారో తేదీ ఉత్తరంలో నీకొక సంగతి రాయలేదు. నీకంటే ముందు చదివేవాళ్ళున్నారని. ఆ రోజు స్వాధీనం చేసుకున్న వస్తువుల పట్టిక రాసింది ఒక కానిస్టేబులు. వయసైన మనిషి. కంప్యూటరులోంచి తీసిన ముక్కను వేళ్ళతో పట్టుకుని, "దీన్నేమంటారమ్మా?" అన్నాడు. నోటిదాకా "ర్యామ్" వచ్చింది. మింగేశాను. "కర్ర" అన్నాను. "ఎక్కడినుంచి తీశామని రాయాలి?" అన్నాడు. "రెండో గాడిలోంచి" అన్నాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు అప్పుడు అమ్మ మూటలు విప్పిస్తున్నాడు. వచ్చి, చూడకుండా కింద సంతకం పారేశాడు.

కోర్టులో వాళ్ళ వకీలు నీ ఉత్తరాలు గొంతు పెంచి చదివాడు. కర్రలనీ, గేట్లనీ, ఎనిమిదిమందనీ. వకీలమ్మ లేచి ఒక్కటే అడిగింది. "ఇన్‌స్పెక్టరుగారూ, మీ పట్టికలో మూడో వస్తువు చదవండి."

ఆయన చదివాడు. "ఆకుపచ్చ కర్ర, ఒకటి. పొడవు జానెడులోపు. కంప్యూటరు బోర్డు రెండో గాడిలోంచి తీసినది."

"సంతకం ఎవరిది?"

"నాదే."

"మరి మీ లెక్క ప్రకారం రెండో గాడి అంటే గోదాము రెండో గేటు కదా. గోదాము గేటు వాళ్ళింట్లో కంప్యూటరు పెట్టెలోకి ఎలా వచ్చింది?"

ఆయన మళ్ళీ కాగితం చూసుకున్నాడు. న్యాయమూర్తి ఆ ముక్కను తెప్పించుకుని అరచేతిలో పెట్టుకుంది. రెండువైపులా తిప్పి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. అసలు గండం అక్కడుంది నాన్నా.

"ఉత్తరంలో రెండు అని రాశావు. ఇక్కడ ఒకటే ఉంది. రెండోది ఎక్కడ?"

"కొనలేదమ్మా."

"మరి రెండూ పెట్టానని ఎందుకు రాశావు?"

నిజం చెప్పాను. "మా నాన్నతో వాదించి గెలవడం నా వల్ల కాదమ్మా. అలాగే అనేస్తే ఊరుకుంటాడని రాశాను."

న్యాయమూర్తి నీ పదో తేదీ ఉత్తరం తీసి, మొదటి నుంచి చివరిదాకా చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈ ఉత్తరం చదివాక అమ్మాయి చెప్పింది నమ్మక తప్పదు" అంది. మొదట నవ్వింది వాళ్ళ వకీలే. తర్వాత ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

నా పేరు కొట్టేసింది. నీకు బెయిలు ఇచ్చింది. కాగితాలు జైలుకు చేరడానికి రెండు రోజులు పడుతుందట. ఆ రెండు రోజులే వాళ్ళకున్నవి. రేపు పొద్దున నవ్వు మొహంతో వస్తారు, కోర్టులో ఏం జరిగిందో చెప్పరు. నా పేరింకా ఉందనే అంటారు.

వాదించవద్దన్నావు. వాదిస్తున్నాను. నా కోసం ఆ రెండువందల మందిని అమ్మే హక్కు నీకెవరిచ్చారు? నన్ను అడిగావా? రెండు కర్రలప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. ఇన్‌స్పెక్టరు చదవకుండా సంతకం పెట్టాడు కాబట్టి మనం బయటపడ్డాం. నువ్వు చదివి కూడా పెట్టకు.

ఇంకొక్క మాట, ఇది వకీలమ్మకు కూడా తెలియదు. ఒక్క కర్రతో ఆట నిజంగానే తడబడేది. కోట తలుపు తెరుచుకునేటప్పుడు బొమ్మ ఆగి ఆగి కదిలేది. నువ్వు చెప్పిందే సరి. ఈ సంగతి నీకు ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నువ్వు గెలిచావని తెలిశాక కూడా నా మాట వింటావేమో చూద్దామని.

పెన్ను ముట్టుకోకు నాన్నా.

నీ కూతురు